మెంబరు పక్కన ఓడిపోయిన తాత

పని కావాలంటే బతికున్న నాయకుడి దగ్గరికి పోవాలని మా ప్రాంతంలో చంటిబిడ్డకు కూడా తెలుసు. నా చిన్నప్పుడు నేను మాత్రం చచ్చిపోయిన నాయకుడి దగ్గరికి పోయాను. అదీ ఒక రోజు కాదు, బడి ఉన్న ప్రతి సాయంత్రమూ పోయాను. నా తెలివి అంతటిది. అరవై దాటాక వెనక్కి తిరిగి చూసుకుంటే, బతికున్నవాళ్ల చుట్టూ తిరిగినవాళ్ల కంటే నేను మరీ ఎక్కువ నష్టపోలేదనిపిస్తుంది. చచ్చిన నాయకుడు కనీసం రేపు రమ్మని చెప్పడు.

మాది కర్ణాటకలో చింతామణి తాలూకా, బట్లహళ్ళికి పోయే దారిలో ఒక పల్లె. మా నాయన పట్టుపురుగులు పెంచేవాడు. మా అమ్మ టీచరు. ఆమెకు ఉద్యోగమైతే వచ్చింది గానీ, గుల్బర్గా అవతల ఎక్కడో, పేరు పలకడానికి కూడా నోరు తిరగని ఊళ్లో వచ్చింది. దసరాకు ఒకసారి, ఎండాకాలం సెలవులకు ఒకసారి ఇంటికి వచ్చేది. నన్ను పెంచింది మా అవ్వ. ఒక దసరాకు అమ్మ బస్సు దిగి చేతులు చాస్తే, నేను ఎవరో కొత్తామెను చూసినట్టు అవ్వ చీర వెనక దాక్కున్నాను. సిగ్గనుకొని అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం వంటింట్లో పొయ్యి ముందు కూర్చొని ఆమె ఏడుస్తుంటే, పొగ వల్ల కాదని, నా వల్లేనని నాకు అర్థమైంది. ఆమె మళ్లీ బస్సెక్కిన రోజు నుంచీ నాకు ఒకటే కోరిక. అమ్మ ఊరికి వచ్చేయాలి. ఈసారి నేను దాక్కోకుండా ఎదురుపోవాలి.

ట్రాన్స్‌ఫర్‌ను మావైపు కన్నడంలో వర్గావణె అంటారు. అంత పెద్ద మాట నోట పట్టక, మా అవ్వ దాన్ని ‘వర్గా’ చేసుకొని, ఆ వర్గా కోసం మెంబరు ఇంటికి తిరిగేది. మెంబరంటే మా ఊరి పెద్దాయనే. ఆయన ఏ సభకు మెంబరో అప్పట్లో నాకు తెలియదు. చుట్టుపక్కల ఏ సభ జరిగినా ముందు వరసలో ఆయనే కూర్చునేవాడు కాబట్టి అన్నిటికీ మెంబరే అనుకున్నాను. ఆయనకు మా ఊళ్లోనే ఒక ప్రత్యర్థి ఉండేవాడు. వరసకు దాయాది. ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఇద్దరూ నిలబడేవాళ్లు. ఎప్పుడూ మెంబరే గెలిచేవాడు, ఈయనే ఓడిపోయేవాడు. పిల్లలమైన మాకు ఒకాయన మెంబరు తాత, ఇంకొకాయన ఓడిపోయిన తాత. ఎదురుగా కూడా అలాగే పిలిచేవాళ్లం. పాపం, ఆయన పలికేవాడు.

"ఉగాదికి నీ కోడలు ఈడే ఉంటాది, పోమ్మా" అని మెంబరు మా అవ్వకు మాటిచ్చాడు. ఉగాదికి ముందే ఆయన గుండె ఆగిపోయింది. బెంగళూరు నుంచి కార్లు వచ్చాయి. పోలీసులు ఆకాశంలోకి తుపాకులు పేల్చారు. చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మాలో పూడ్చడమే ఆచారం కనుక ఊరి చివర రుద్రభూమిలో, వాళ్ల వంశంవాళ్ల సమాధుల వరసలో ఆయన్ను పూడ్చారు.

మూడోనాడు పాలు పోసే కార్యం. మావైపు ఆడవాళ్లు సమాధి మీద పాలు పోస్తూ పోయినవాళ్లతో మాట్లాడతారు. ఊరికే ఏడ్చి ఊరుకోరు, నిలదీస్తారు. ఆ రోజు కూడా ఒక్కొక్కరే ముందుకు పోయి, బోరు వేయిస్తానన్నావే అని ఒకామె, నా కొడుక్కి పని ఇప్పిస్తానన్నావే అని ఒకామె అడిగారు. మా అవ్వ వంతు వచ్చింది.

"ఏమప్పా, మాటిచ్చి మట్టిలో పండుకుంటివే! నా కోడలి వర్గా ఇంగెవురు చూస్తారు? బిడ్డ తల్లి మొగం మర్చిపోతాండాడు. నువ్వు చూస్తే ఉలకవు, పలకవు" అంటూ చెంబెడు పాలూ పోసేసింది.

చుట్టూ ఉన్న పెద్దవాళ్లు తలలూపారు. నా కొంప ముంచింది ఆ తలూపుడే. ఇంతమంది పెద్దవాళ్లు ఇన్ని సంగతులు చెబుతున్నారంటే, లోపల ఉన్నాయనకు వినబడుతుందన్న మాట. అయితే ఒక్కసారి చెబితే చాలదు. బతికి ఉన్నప్పుడే ఆయనకు పదేపదే గుర్తు చేయాల్సి వచ్చేది. గుర్తు చేసే పని నేను తలకెత్తుకున్నాను. బడి వదలగానే పోయి, సమాధి తలవైపు నిలబడి, "మెంబరు తాతా, మా అమ్మ వర్గా" అని గట్టిగా చెప్పి, వెనక్కి చూడకుండా పరుగెత్తుకొచ్చేవాణ్ణి. అంతకంటే ఎక్కువసేపు ఉండే ధైర్యం నాకు లేదు.

ఒక సాయంత్రం నాకంటే ముందే అక్కడ మనిషి ఉన్నాడు. ఓడిపోయిన తాత. తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకొని, మెంబరు సమాధి పక్కన నేల మీద కూర్చున్నాడు. కూర్చొని సమాధిని తిడుతున్నాడు. నేను కంప వెనక నక్కాను.

"ఇంగ నేను ఎవుని మింద నిలబడాలరా? నీ కొడుకు మిందనా? వాని ముక్కు తుడిచినోణ్ణి నేను. తిట్టేకి గూడా నాకు ఎవురూ లేకుండా చేస్తివి కదరా."

తిడుతూనే తలగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. మగవాళ్లు ఏడుస్తారని అంతవరకు నాకు తెలియదు. భయపడి వెనక్కి జరిగితే కంప గుచ్చుకొని కేక పెట్టాను.

"ఎవుర్రా అది? నీకీడేం పని?"

"మెంబరు తాతతో పనుండాది."

"ఆయప్ప పనే అయిపోయింది. నీ పని ఇంగ యాడ చేస్తాడు?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గుల్బర్గా సంగతి, దసరా సంగతి, చీర వెనక దాక్కున్న సంగతి, అవ్వ పాలు పోసి అడిగిన సంగతి, అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. ఆయన మొదట నవ్వాడు. చీర దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. తర్వాత వంగి, సమాధి మట్టికి చెవి ఆనించాడు. "ఊఁ... ఊఁ... సరేలే, తెలిసింది" అన్నాడు లోపలికి. లేచి చెవికంటిన మన్ను దులుపుకున్నాడు.

"మీ మెంబరు చెప్తాండాడు, ఆడినించి చేసేకి కాలేదంట. ఈ పని నన్ను చూడమన్నాడు."

"నువ్వు ఓడిపోయినోడివి కదా తాతా, నీకు చేతనైతాదా?" అని అడిగాను. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. ఆయన మాత్రం నొచ్చుకోలేదు.

"అదే నాకూ అనుమానం. చూస్తాంలే. పా, పొద్దు గూకుతాండాది" అని నా చెయ్యి పట్టుకొని ఇంటిదాకా వచ్చాడు.

మెంబరు పోవడంతో ఖాళీ అయిన స్థానానికి మళ్లీ ఎన్నిక వచ్చింది. ఆయన కొడుకును నిలబెట్టారు. ఆ కొడుకు బెంగళూరులో చదివి, బెంగళూరులోనే ఉండిపోయినవాడు. ఊళ్లో నలుగురి పేర్లు కూడా తెలియవు. ఓడిపోయిన తాత కూడా నామినేషన్ వేశాడు. ఈసారి గెలుపు ఆయనదేనని ఊరంతా తేల్చేసింది. "ఇంగా ఎన్నిసార్లు ఓడగొడ్తామప్పా, పాపం" అని మెంబరు మనుషులే అన్నారు. ఓడిపోయిన తాతకు భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. ఆయన జీవితమంతా ఎదురుచూసింది ఆ గెలుపు ఒక్కదాని కోసమే. అది ఇప్పుడు గడప దాకా వచ్చింది.

నేను రుద్రభూమికి పోవడం మాని, సాయంత్రాలు ఆయన ఇంటికి పోసాగాను. "తాతా, మా అమ్మ వర్గా" అంటే, "మర్చిపోలేదురా" అని వేరుశెనక్కాయలు చేతిలో పోసేవాడు. ఒక రోజు వాకిట్లో రెండు జీపులు ఉన్నాయి. లోపల చాప మీద తెల్లబట్టల పెద్దమనుషులు కూర్చొని ఉన్నారు. మెంబరు కొడుకు తరఫువాళ్లు. పోటీ నుంచి తప్పుకోమని ఆయన్ను బతిమాలుతున్నారు. అడిగిన పదవి ఇప్పిస్తామన్నారు. గోడకానుకున్న ఓడిపోయిన తాత తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఊపుతూ ఊపుతూ తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూశాడు. తల ఊపడం ఆగిపోయింది. తలగుడ్డ అంచును వేళ్ల మధ్య చాలాసేపు నలిపాడు.

"గుల్బర్గా పక్క మా ఊరి టీచరమ్మ ఒకామె ఉండాది. ఆయమ్మను మా ఊరి ఇస్కూలుకు తెప్పియ్యండి. ఆర్డరు ఆయమ్మ చేతికి రానీ, నేను వాపసు తీసుకుంటా."

"అంతేనాప్పా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన, నమ్మలేక.

"అంతే."

జీపులు పోయాక నన్ను దగ్గరికి పిలిచాడు. "ఇది ఎవురికన్నా చెప్పినావంటే ఆర్డరు వెనక్కి పోతాది. మీయమ్మ మల్లా గుల్బర్గా బస్సెక్కాల్సిందే. తెలిసిందా?"

"మాయవ్వకు గూడా చెప్పకూడదా?"

"మీయవ్వకే మొట్టమొదట చెప్పకూడదు. ఆయమ్మ నాకు ఒక్కసారీ ఓటెయ్యలేదు. తెలిస్తే ఊరికే బాధపడ్తాది."

అమ్మ వచ్చింది. నేను దాక్కోలేదు. బస్సు ఆగక ముందే పరుగెత్తి, ఆమె కాళ్ల దగ్గర బోర్లా పడి, మోకాళ్లు చెక్కుకున్నాను. ఎదురుపోవడమంటే అలా పోవాలి మరి. అదే వారంలో ఓడిపోయిన తాత పోటీ నుంచి తప్పుకున్నాడు.

ఊరు ఊరంతా ఆయన మీద ఉమ్మింది. అమ్ముడుపోయాడన్నారు. దాయాది సమాధి మట్టి ఆరకముందే ఈయన ఇల్లు చక్కబెట్టుకున్నాడన్నారు. గెలిచిన కొడుకు సన్మాన సభ పెట్టి, టీచరమ్మను తెచ్చి తన తండ్రి మాట నిలబెట్టానన్నాడు. మా అవ్వ మురిసిపోయి ఆయనకు పూలదండ వేసింది. ఓడిపోయిన తాత దారిలో ఎదురైతే మాత్రం మొగం తిప్పుకొనేది. ఒక సాయంత్రం నేను అమ్మ చెయ్యి పట్టుకొని బడి నుంచి వస్తున్నాను. టీ అంగడి ముందు ఆయన నిలబడి ఉన్నాడు.

"ఇంతకీ ఎంతకు పోయినావప్పా?" అని బెంచీ మీది నుంచి ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు.

"మంచి ధరే వచ్చిందప్పా" అన్నాడాయన, మా వైపు చూడకుండా.

నోటిదాకా వచ్చిన మాటను నేను మింగేశాను. అమ్మ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చెబితే ఆ చెయ్యి పోతుందని నా భయం. కొన్నేళ్లకు, ఆర్డర్లు అలా వెనక్కి పోవని, నన్ను ఊరుకోబెట్టడానికి ఆయన అల్లిన కథ అదని తెలిసే వయసు వచ్చింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయాడు. హైస్కూల్లో ఉన్నాను అప్పుడు. తుపాకులు లేవు, కార్లు లేవు. మోయడానికి సరిపోయేంత మందే వచ్చారు. దాయాదుల వరస కనుక మెంబరు పక్కనే పూడ్చారు.

మూడోనాడు పాలు పోసేవాళ్లు లేరని విని, ఆ పొద్దున అవ్వకూ అమ్మకూ ఎదురుగా నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. అమ్మ బడికి పోవడానికి తీసుకున్న సంచి కింద పెట్టేసింది. అవ్వ లోపలికి పోయి చెంబు కడిగి, పాలు పోసుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది. మేం వెనకే పోయాం. మెంబరునే నిలదీసిన మనిషి, ఆ పచ్చి మట్టి ముందు నిలబడి ఎన్నోసార్లు నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. పాలు మాత్రం చివరి చుక్క దాకా నెమ్మదిగా పోసింది. ఆ తర్వాత ఊళ్లో చాలామందికి నేను ఈ సంగతి చెప్పాను. పోయినాయన గురించి మంచి చెప్పాలని కల్పిస్తున్నానని మెచ్చుకున్నారు గానీ, ఒక్కరూ నమ్మలేదు.

మా అమ్మ తర్వాత చాలా ఏళ్లు మా ఊరి బడిలోనే పని చేసి రిటైరైంది. ఆమె చేతి అన్నం నాకు ఒక్క రోజు కూడా తప్పలేదు. ఎవరైనా ఫలానావాడు అమ్ముడుపోయాడని చెబితే అందరితోపాటు తలూపడం నాకు చేతకాదు. తీసుకున్నది ఏమిటో, అది ఎవరింటికి చేరిందో తెలియకుండా ఎలా ఊపను? ఈ అలవాటు వల్ల చాలా సభల్లో నన్ను మందబుద్ధి అనుకున్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు కాబట్టి నేనూ ఎదురు చెప్పలేదు.

మెంబరు మనవడు ఇప్పుడు నాయకుడు. తాత వర్ధంతికి ఏటా పేపర్లో ఫోటో వేయించి ఊరుకునేవాడు, ఈ ఏడు ఎన్నికలు దగ్గర పడడంతో తానే వచ్చాడు. వెంట కార్లు, ఫోటోలవాళ్లు, ఇద్దరు మోస్తే గాని కదలని ఆపిల్ పండ్ల హారం. రుద్రభూమిలో పక్కపక్కనే రెండు సమాధులు, రెంటి మీదా అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఊరి పెద్దవాణ్ణని నన్ను పిలిపించారు.

"మా తాతది ఏదప్పా?" అని అడిగాడు మనవడు, మర్యాదగా.

నేను తడుముకోలేదు. ఓడిపోయిన తాత సమాధి చూపించాను.

హారం వేశారు. కొబ్బరికాయ కొట్టారు. మనవడు చెప్పులు విడిచి, మోకాళ్ల మీద వంగి, నుదురు ఆనించాడు. కెమెరాలు చిటపటలాడాయి. తన తాత, పదవి కన్నా పేదవాడి పనే ముఖ్యమనుకున్న మనిషి అని, చేసింది చెప్పుకోని మనిషి అని మైకులో చెప్పాడు. అంత నిజం ఆ కుటుంబం నోట నేను ఎన్నడూ వినలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

కార్లు పోయాక ఒక్కణ్ణే మిగిలాను. పక్కన మెంబరు సమాధి బోసిగా ఉంది. ఎంతైనా పెద్దాయన, ఏదో ఒకటి పెడదామని హారంలోంచి ఒక పండు తెంపి ఆయన వైపు వంగాను. కాసేపు అలాగే వంగి ఉన్నాను. మనసొప్పలేదు. పండు పంచెకు తుడుచుకొని, ఓడిపోయిన తాత పక్కన కూర్చొని, నేనే తినేశాను.