మామ దాచిపెట్టిన నమూనాలు

ఈ ఉదయం ఆఫీసులో స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే రెప్పపాటు కనిపించి మాయమైంది. పక్క సీటు అమ్మాయి విసుక్కుంది. నాకు మాత్రం ముందు వచ్చిన ఆలోచన, దీన్ని ఎవరు కదిపారు అన్నదే. ఈ అనుమానం నాకు ఇంజనీరింగ్ చదువుతో వచ్చింది కాదు. పోచంపల్లిలో మా మేనమామ దగ్గర అంటుకుంది.

మామ చిటికి చీరలు, అంటే ఇక్కత్ చీరలు నేస్తాడు. దారం మగ్గం ఎక్కకముందే, ఎక్కడెక్కడ రంగు పట్టకూడదో లెక్క చూసుకుని అక్కడ బిగించి కట్లు కట్టి, ఆ తర్వాత రంగులో ముంచుతారు. ఆ లెక్కకు ఒకప్పుడు గళ్ళ కాగితం ఉండేది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేనే ఒక పాత లాప్‌టాప్ ఇచ్చి, స్ప్రెడ్‌షీట్ గళ్ళను చతురస్రాలుగా కుదించి ఒక్కో గడిలో రంగు నింపడం చూపించాను. కొన్నాళ్ళకే నన్ను మించిపోయాడు. పాత నమూనాలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, కాగితాలను పొయ్యిలో పెట్టేశాడు. కాగితం మీద ఉంటే ఎదురింటివాళ్ళు చూస్తారట. చూపుతోనే చీర ఎత్తుకుపోగలరని వాళ్ళమీద ఆయనకు గట్టి నమ్మకం.

ఒక రోజు ఫోన్ చేశాడు. "అల్లుడా, జర బస్సెక్కి రా. ఫోన్ల చెప్పేది కాదు." వెళ్ళాక తెలిసింది, సాఫ్ట్‌వేర్ తెరవగానే మూతపడుతోందని. పెళ్ళి చీర ఒకటి సగంలో ఉంది. అంచుకు కట్లు కట్టడం అయింది, చీర నడుమ భాగానికి ఇంకా కట్టాలి. నమూనా తెరుచుకోకపోతే అత్త వేళ్ళు కోసుకుపోయేలా ఇరవై రోజులు కట్టిన దారమంతా వృథా.

నేను నా వరస ప్రకారం మొదలుపెట్టాను. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను, లాభం లేదు. వాడకుండా తగిలించి వదిలేసిన ప్రింటర్ వైరు పీకాను, లాభం లేదు. "ఈ మధ్య ఏమన్న మార్చినవా మామా?"

"నేనేం మార్చలే. గా ఎదురింటోడు మొన్న చాయ్‌కొచ్చి గంటసేపు గోడకు చూసుకుంట కూసున్నడు. గోడల ఏముంటది?"

"క్యాలెండర్ ఉంటది," అంది అత్త. "నెల మారినా నువ్వు కాయితం తిప్పలే. గదే చూసిండేమో."

మామ నవ్వలేదు. నా సంచి వైపు చూశాడు. "నువ్వు గూడ పోయినసారి పెన్‌డ్రైవ్ పెట్టినవు గద." పెట్టింది పాటలు ఎక్కించడానికి, ఆ పాటలు అడిగింది ఆయనే. అయినా నా చెవులు వేడెక్కాయి.

ఆ తర్వాత సేఫ్ మోడ్‌లో పెట్టి చూశాను. తోడుగా లేచే ఫైళ్ళన్నిటినీ ఆపి సాఫ్ట్‌వేర్‌ను ఒంటరిగా నడపడమన్నమాట. తెరుచుకుంది! తప్పు దానిది కాదు, దాని వెంట లేచేవాటిదని తేలింది. మొదలవగానే తనంతట తాను తెరిచే ఫైళ్ళ కోసం దాని లోపలెక్కడో ఒక ఫోల్డర్ ఉంటుంది. మామూలుగా అది ఖాళీ. ఇక్కడ నూటికి పైగా నమూనాలున్నాయి. ఎవరి కళ్ళూ పడవనుకుని మామ ఈ మధ్యే తన జీవితమంతా అందులో దాచాడు. సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒక్కసారే తెరవబోయి కుప్పకూలుతోంది.

సంగతి చెప్పాక, కొత్త చోటు తానే చూసుకుంటానని నన్ను అటు తిరగమన్నాడు. నేనూ గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి పెళ్ళి చీర తెర మీద విచ్చుకుంది. అత్త "బతికినం" అని ఊపిరి వదిలింది. మామ ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"అయితె అన్నీ చూసినవన్నట్టు."

"పేర్లే చూసిన మామా."

"వానికి సూదిల దారం ఎక్కియ్యరాదు, నీ నమూనాలు ఏం జేసుకుంటడు?" అని అత్త కసిరింది.

చీర వేళకు అందింది. కొన్ని నెలలకు ఆ చీర మీది పువ్వే, అచ్చువేసిన చవక చీరల మీద బజారులో కనిపించింది. పెళ్ళిలో ఊరంతా చూసిన చీర, ఎవరైనా ఫొటో తీసి ఉండవచ్చు. మామ నన్నేమీ అడగలేదు. అడిగితే నేను కాదని చెప్పేవాణ్ణి. అడగని మనిషికి ఏమని చెప్పను? అప్పట్లో నేను గుమ్మంలో కనిపిస్తే లాప్‌టాప్ టక్కున మూసేవాడు. ఇప్పుడు "ఎప్పుడొచ్చినవ్ అల్లుడా" అంటూ, చాయ్ పెట్టమని అత్తకు చెబుతూ, మెల్లగా మూస్తున్నాడు. ఆ టక్కుమనే చప్పుడు ఒక్కటి పోవడానికి మా ఇద్దరికీ ఇన్నేళ్ళు పట్టింది.