అడుగు అరలో చిట్టడవి

మా తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదికి ఒక గోడంతా చెక్క అరలే. అన్నిటికన్నా కిందిదాన్ని చిట్టడవి అనేవాళ్లం. కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి అని చిన్నప్పుడు కథల్లో విన్నదే. బస్సు దిగాక ఇంకా నడవాల్సిన ఇరవై మూడు ఊళ్లకూ కలిపి ఆ ఒక్క పేరు పెట్టేశాం. తపాలా బండి డ్రైవరు మాత్రం ‘దేవుడు కూడా దారి అడిగే చోటు’ అనేవాడు. మిగతా అరలు రోజూ ఖాళీ అయ్యేవి. చిట్టడవి సంచి మాత్రం నిండితేనే కదిలేది. అది రూలు కాదు, అలవాటు. రూలునైతే ఎవరో ఒకరు ఎప్పుడో మార్చేవారు.

ఆ గదికి పెద్ద దిక్కు మిషనక్క. అసలు పేరు జీతాల రిజిస్టరుకే తెలుసు. ఉత్తరం ఆమె చేతికి రావడం, అరలో పడటం రెప్పపాటులో అయిపోయేవి. “ఊరు చూడు, చాలు. మనిషి పేరు చదివావా, చెయ్యి ఆగిపోతుంది తమ్ముడూ” అని నాకు పని నేర్పింది. చిట్టడవి మీద జోకు పడితే అందరికన్నా గట్టిగా నవ్వేదీ ఆమే.

ఒకసారి పెద్దాఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, “ఆ చిట్టడవిలో ఎలా ఉంటున్నారయ్యా?” అన్నాడు. మాకు ఒళ్లు మండిపోయింది. రెండు బ్యాంకులు, సినిమా హాలు ఉన్న ఊరిని పట్టుకుని అంత మాటా! మిషనక్క ఆ రోజు నవ్వలేదు. “మనకంటే వెనక ఇంకొకరు ఉన్నంతసేపే ఈ మాట బాగుంటుంది” అని ఊరుకుంది. ఆమెకేదో తలనొప్పి అనుకున్నాం.

ఒక మంగళవారం పొద్దున మోకాళ్లదాకా బురదతో ఒక అమ్మాయి నా కౌంటరు ముందుకొచ్చింది. చేతిలో నర్సుల శిక్షణ బడి పంపిన కవరు.

“ఇంటర్వ్యూ నిన్న. ఉత్తరం అందింది నిన్న సాయంత్రం. మీరు ముద్ర వేసింది అంతకు తొమ్మిది రోజుల ముందు. ఇన్నాళ్లూ ఇది ఎక్కడుందండీ?”

నేను కవరు తిప్పి ముద్ర మీద తేదీ చూశాను. ఆ అమ్మాయి నా వెనక్కి చూసి, “అత్తా!” అంది.

మిషనక్క లేచి నిలబడింది. ఆ పిల్ల ఆమె అన్న కూతురు. ఇరవై రెండేళ్ల కొలువులో ఆమెదీ ఆ చిట్టడవి ఊళ్లలో ఒకటని మాలో ఒక్కరికీ తెలియదు.

“వానలకి దారి తెగిందని రాసిచ్చేద్దాం. గొడవ వదిలిపోతుంది” అన్నాడు సూపర్‌వైజరు.

అక్క ఆ మాట వినిపించుకోలేదు. మేనకోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కింది అర చూపించింది. దాని మీద ‘చిట్టడవి’ అని గుండ్రంగా రాసి అంటించింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఇందులో ఉందమ్మా. నేనే వేశాను.”

“నా పేరు చూడలేదా?”

“లేదు. ఊరు చూశాను.”

“మన ఊరని తెలిసీ?”

“తెలిసే. ఆ సంచి ముందు పంపండని అడిగితే, నీకెందుకంత తొందర అంటారు. అప్పుడు చెప్పుకోవాలి కదా.”

ఆ పిల్ల ఏడ్చింది. అక్కా ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని కాగితం తీసుకుంది. ఉత్తరం దారిలో ఆగలేదు, తొమ్మిది రోజులు ఈ ఆఫీసులోనే ఉంచాం, అరలో వేసింది నేను అని రాసి సంతకం పెట్టింది.

“నీ కొలువుకి నువ్వే ఎసరు పెట్టుకుంటున్నావు” అన్నాడు సూపర్‌వైజరు. అయినా శిక్షణ బడికి ఫోన్ చేసింది ఆయనే. తప్పు ఆఫీసుదేనని రాసిస్తే శుక్రవారం ఇంటర్వ్యూ చేస్తామన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కాగితం మడిచి జాకెట్లో దోపుకున్నాక కూడా ఆ అమ్మాయి కదల్లేదు. వంగి, నిన్న సంచి వెళ్లాక అరలో మళ్లీ చేరిన ఉత్తరాల్ని ఒక్కొక్కటే చూస్తోంది.

“బస్సుకి టైమవుతోందమ్మా” అన్నాను.

“నాకంటే ఇక్కడ అత్త ఉందండీ” అంది తల తిప్పకుండానే. “వీళ్లకి ఎవరున్నారు?”