దొరసాని ఆగిన చోటు

ఎనభైల మొదట్లో, ఇరవై ఏళ్లు నిండిన ప్రతివాడికీ తనలో ఏదో మహత్తు ఉందని గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పటి వాళ్లకూ ఉంటుందేమో, పైకి చెప్పుకోరు.) నా మహత్తు గిటారు. ఖమ్మంలో మా చర్చి వాళ్లంతా దాన్ని పాటల వెనక జంయ్ జంయ్‌మనిపించడానికి వాడుకుంటే, నేను మాత్రం ఒక్కొక్క తీగే మీటుతూ, ఎప్పటివో పాశ్చాత్య సంగీత రచనలు వాయించి ఇంటిల్లిపాదికీ నిద్ర తెప్పించేవాణ్ణి. "ఏందిరా గది? సక్కగ కొలువుల చేరు," అనేవాడు నాయన. బొగ్గు గనుల ఆఫీసులో గుమాస్తా పని నా కోసం కాచుకుని ఉంది. నాకున్న ఆశల్లా హైదరాబాదులో గిటారు నేర్పే ఒక సారు. "ఇప్పుడెవరూ వాయించని పాత రచన ఒక్కటి వెతికి తీసుకురా, శిష్యుడిగా చేర్చుకుంటాను," అన్నారాయన. నాయన నాకు ఒక్క నెల గడువిచ్చాడు.

దుమ్ముగూడెం అవతల, గోదావరి ఒడ్డున ఒక పాత బంగళాలో గిటారు వాయించే దొరసాని ఉండేదనీ, ఆమె పోయి ముప్పై ఏళ్లయినా కాగితాలు అక్కడే ఉన్నాయనీ మా పాస్టరుగారు చెప్పారు. బస్సు దిగి టేకు చెట్ల మధ్య గంటసేపు నడిచాను. మిట్టమధ్యాహ్నం, పిట్ట అరుపైనా లేదు. నా చెప్పుల చప్పుడుకు నేనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. బంగళాలో ఒక అవ్వ ఉంది, దొరసానికి వంట చేసిన మనిషి. చూపు దాదాపు పోయింది. గిటారు కింద పెట్టిన చప్పుడు విని, "వచ్చినవా," అంది. ఎవరని మాత్రం అడగలేదు. వంటింటి అటక మీది రేకుపెట్టెలో చెదలు తినగా మిగిలింది ఒక్క పాట, రెండు కాగితాలు. అయిదేసి గీతల మీద ఎవరో చేత్తో పెట్టిన నల్లచుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో స్వరం. "అవ్, గదే. ఈ పొయ్యికాడనే గోడకు తగిలేసి వాయించేది," అంది అవ్వ.

అక్కడే, దొరసాని కుర్చీలోనే కూర్చుని వాయించాను. రాగం మెల్లగా సాగుతూ సాగుతూ, నడుస్తున్న మనిషి ఎవరో పిలిచినట్టు ఆగిపోయేది. ఇలాంటి రచన నేనెక్కడా వినలేదు. రెండో కాగితం మధ్యలో ఒక స్వరం నా చిటికెన వేలికి అందలేదు. "ఛ!" అన్నాను.

అవ్వ చేతిలో గరిటె జారిపడింది. తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది. "దొరసానమ్మా, నువ్వేనా? గీడనే ఆగేదానివి గద. గిట్లనే ఛ అనేదానివి. ఇంకా అందలేదా ఆ ఏలు?" అంటూ నా చిటికెన వేలు పట్టుకుని మెల్లగా సాగదీయసాగింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నేను మగవాణ్ణని, ఖమ్మం వాణ్ణని చెప్పడానికి కూడా ఆగలేదు. కాగితాలు, గిటారు, ఒక చెప్పు (రెండోది ఇప్పటికీ అక్కడే ఉండాలి) తీసుకుని పరుగే పరుగు.

సారు ముందు అదే పాట కళ్లు మూసుకుని వాయించాను. ఆయన కాగితాన్ని వెలుగుకు పట్టుకుని, చేతిరుమాలు అంచు తడిచేసి రుద్దారు. సగం చుక్కలు పోయాయి. "ఈగల రెట్టలయ్యా!" అని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. మిగిలింది ఆయన దగ్గర మొదటి నెల పిల్లలు వాయించే పాఠమట. నాకు అందని స్వరమూ ఈగ పెట్టిందే. ఆ వంటింట్లో దొరసాని ఏళ్ల తరబడి ఒక ఈగను అందుకోవాలని అవస్థపడిందన్నమాట. మర్నాడే నేను గుమాస్తానయ్యాను.

సిగ్గు చంపుకుని ఏడాది తర్వాత అవ్వ దగ్గరికి వెళ్లి, నిజం చెప్పి, ఈగల్లేని పాట వాయించాను. "మంచిగనే ఉంది బిడ్డా. కని గిది ఆమెది గాదు," అంది. మళ్లీ ఈగలతో వాయించాను. అవ్వ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఖమ్మంలోనే ఖానాపురం హవేలి పేటలో, రిటైరయ్యాక, రోజూ అదే వాయిస్తుంటాను. మొన్న మధ్యాహ్నం మా ఆవిడ బజారుకు వెళ్లిన వేళ, ఇన్నేళ్లకు ఆ స్వరం నా చిటికెన వేలికి అందింది. నేను ఛ అనలేదు. వంటింట్లోంచి మాత్రం "ఛ" అని వినిపించింది. బల్లి అయి ఉంటుంది, బల్లి పలుకు సత్యం అనుకుని నవ్వుకున్నాను. లేచి చూడలేదు. ఎవరూ వాయించని రచన కోసం పరుగెత్తిన ఆ ఇరవై ఏళ్ల పిచ్చివాణ్ణి పిలిచి, దొరికిందిరా, నీ దగ్గరే ఉంది, నువ్వు తప్ప ఎవరూ వాయించరని చెప్పాలనిపించింది.