అత్త కుట్టిన పట్టెడ

మా ఎదురింటి అత్త పోయిందని తిరుపతి ఆసుపత్రి నుంచి మామ ఫోన్ చేసినప్పుడు నేను ఎద్దు కొమ్ములకు నూనె రాస్తున్నాను. "సరే మామా" అని పెట్టేశాను. రెండో కొమ్ముకూ రాసి, చేతులు కడుక్కుని, రోడ్డు దాటి వెళ్ళి వాళ్ళ వాకిలి ఊడ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. లోపలంతా మొద్దుబారి ఉంది.

రక్తసంబంధం కాదు, వరసకు అత్త. పోటీ ఎద్దులకు తోలు మెడపట్టెడలు కుట్టేది. మా వడమాలపేట వైపు అందాల ప్రదర్శనకు ఎద్దును తీసుకెళ్ళడమంటే పెళ్ళికొడుకును చేయడమే. కొమ్ములు చెక్కాలి, రంగు వేయాలి, కుచ్చులు కట్టాలి. మేమంతా బయటి అద్దాలూ గజ్జెలూ చూస్తే, ఆమె ముందు లోపలి అస్తరు చూసేది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచెల గుడ్డే వేసేది. కుట్టడం అయ్యాక పట్టెడ తన మెడకే వేసుకుని ఇంటిపని చేసుకునేది. ఒరుసుకుంటే విప్పి మళ్ళీ కుట్టేది.

ఒకరోజు పొద్దున్నే గజ్జెల మోత వినిపించి, ఎద్దు తప్పించుకుందని పగ్గం పట్టుకుని పరిగెత్తాను. చూస్తే అత్త, కొళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"ఏందబ్బోడా, నన్ను కట్టేసేదానికి వచ్చినావా?" అని ఒకటే నవ్వు.

పూతలపట్టు నుంచి ఒకాయన తన ఎద్దు పట్టెడ తెచ్చి, దానికి ఇంకా గంటలు వేయమని పట్టుబట్టాడు.

"ఎయ్యొచ్చప్పా. ముందు నువ్వు దీన్ని మెడకేసుకోని కాఫీ తాగు" అంది.

ఆయన నవ్వుతూనే వేసుకున్నాడు. గ్లాసు ఖాళీ కాకముందే మెడంతా ఎర్రబడింది. "తీసెయ్ తల్లీ, నీకో నమస్కారం!" అన్నాడు.

అత్త మాత్రం నవ్వలేదు. "నీకు నోరుండాది, తీసెయ్‌మన్నావు. దానికి యాడుండాది? అది ఓర్సుకోలేక తలాడిస్తే, కులుకుతుండాదని మనం సప్పట్లు కొడతాం."

తోకను అందంగా ముడివేసి రిబ్బను కట్టినా ఊరుకునేది కాదు. "ఈగ వాల్తే దేంతో తోలుకుంటాదబ్బా, నీ రిబ్బనుతోనా?" అనేది.

ఈసారి మొదటి బహుమతి నా ఎద్దుకే రావాలని నాకు పిచ్చి ఆశ. దానికి వయసు మీద పడుతోంది, వచ్చే ఏడు పోటీకి నిలబడదు. దాని కోసమే అత్త పట్టెడ కుడుతూ, మధ్యలో మంచం పట్టింది. కర్మ అయ్యాక, ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం మామ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. బయట ఎంత అందమో! లోపల జానెడు మేర అస్తరు పడలేదు. దారపు ముడులు ముళ్ళలాగా వేలికి తగిలాయి. ఆ మందపాటి తోలుకు దర్జీ మిషను సూది దిగదు. చేత్తో కుట్టగలిగింది ఆమె ఒక్కతే.

"లోపలిది ఎవురికి కనపడతాదబ్బా? కట్టు. అత్త పేరు నిలబడతాది" అన్నారు అందరూ.

"నువ్వేమంటావు మామా?"

"నాకేం తెలుసప్పా. ఇట్లాంటియన్నీ ఆమెనే కదా అడిగేది" అన్నాడు మామ.

పొద్దున పట్టెడను గూట్లో పెట్టి, ఎద్దును బోసిమెడతోనే బండి ఎక్కించాను.

మైదానంలో వరసలో ఎద్దులన్నీ తళతళలాడుతున్నాయి. అవి తల విదిలించినప్పుడల్లా జనం ఈలలు వేస్తున్నారు. నాది ఒకసారి అటూ ఇటూ చూసి, కాళ్ళు ముడిచి ఇసుకలో పడుకుంది. కాసేపు నెమరు వేసి కళ్ళు మూసుకుంది.

"లేపబ్బా! జడ్జీలు వచ్చేస్తుండారు!" అని పక్కాయన అరిచాడు.

పగ్గం నా చేతిలోనే ఉంది. ఒక్కసారి లాగితే లేస్తుంది. లేస్తే దాన్ని మించిన ఎద్దు ఆ వరసలో లేదు. ఏడాదంతా దీని కోసమే కదా! చెయ్యి రాలేదు. జడ్జీలు మా ముందు ఒక్క క్షణం ఆగి, పక్క ఎద్దు దగ్గరికి వెళ్ళారు.

నేను దాని పక్కనే ఇసుకలో చతికిలబడ్డాను. దాని గంగడోలు నా మోకాలి దగ్గర పరుచుకుని, ఊపిరికి మెల్లగా కదులుతోంది.