వేడి చేసిన మొగుడూ, బయట పెట్టిన గ్లాసూ

రెంటచింతలలో ఎండ మీద వేయని నింద లేదు. మా ఆయన టిప్పర్ లారీ నడుపుతాడు. పోయిన వేసవిలో ఓ రోజు కాళ్లు ఎడంగా వేసి నడుస్తూ ఇంటికొచ్చాడు. "ఏందయ్యా ఆ నడక?" అంటే, "వేడి చేసింది" అన్నాడు. ఇక చూడాలి, మా అత్త బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ వరసపెట్టి అందించింది. పక్కింటి పిన్ని కూడా వచ్చి, "ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఉడికిపోయాడు బిడ్డ" అని తెగ జాలిపడింది.

వానలు పడే వేళకు నాకు ఒంటి మీద ఏవో లేచాయి. స్నానం చేస్తుంటే చెప్పుకోలేని చోట చేతికి గరగరమని తగిలాయి. నొప్పి లేదు. అద్దం పెట్టి చూసుకుంటే గోబీపువ్వు తుంపుల్లాంటి పులిపిర్లు. భయమేసి అత్తకు చెప్పాను.

మరి ఎండాకాలం వెళ్లిపోయిందిగా, నాకు వేడి చేయలేదు! "ఏమే, ఎక్కడ తగిలించుకొచ్చావే?" అంది. కుట్టుమిషను దగ్గర్నుంచి లేవడానికే తీరిక లేనిదాన్ని, ఎక్కడికి పోయి తగిలించుకొస్తాను? ఆ పూటే నా గ్లాసు, కంచం పెరట్లో పంపు గట్టు మీదకు చేరాయి. మా ఆయన గ్లాసు చూశాడు, ఫోను చూశాడు, ఫోనే బాగున్నట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పులిపిర్లు పోవడం ఒక ఎత్తు, ఆ గ్లాసు లోపలికి రావడం ఒక ఎత్తు. అది బయటుంటే ఆ ఇంట్లో నేను చెడిపోయినదాన్నే.

నరసరావుపేట వెళ్లాను. స్కిన్ డాక్టరమ్మ చూసి, "వైరస్ తల్లీ. కలయికలో ఒంటికి ఒళ్లు తగిలి వస్తుంది. బయటపడటానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. గ్లాసులతో, కంచాలతో రాదు. మందు పూస్తాను, తగ్గుతాయి. మళ్లీ వస్తే మళ్లీ పూద్దాం. గర్భసంచి ముఖద్వారం పరీక్ష కూడా చేయించుకో. మీ ఆయన్నీ తీసుకురా" అంది.

రానన్నాడు. "అయితే పక్కింటి పిన్నిని తోడు తీసుకెళ్తా" అన్నాను. వెంటనే చొక్కా తొడుక్కున్నాడు.

"నాది వేడండీ" అని మొదలుపెట్టాడు మహానుభావుడు. డాక్టరమ్మ తెర వెనక్కి తీసుకెళ్లి చూసింది. "ఇవీ అవే. మరి ఈ కాలిన మచ్చేంటి? ఏం రాశావు?"

"సున్నమండి. మా అమ్మ ఆకుల డబ్బాలోది. వేసవిలో పెట్టా."

"అక్కడా!"

"పులిపిరికి సున్నం పెడితే రాలిపోద్దిగా. ఎక్కడైతే ఏందండీ?"

తెర ఇవతల నేను నవ్వాపుకోలేక చచ్చాను. తర్వాత ఏడుపొచ్చింది. తనకు ముందే ఉన్నాయని తెలిసీ, నా కంచం బయట పడితే నోరెత్తని మనిషి!

ఇంటికొచ్చేసరికి మా అత్త తాంబూలం నములుతోంది. "ఏమన్నార్రా?"

"ఎండలో తిరగొద్దన్నారు."

"నాకొచ్చిందే నీ కొడుక్కీ ఉంది అత్తా. నాకంటే ముందునుంచే ఉంది. వేసవిలో ఆ నడక వేడికి కాదు, సున్నం పెట్టి కాల్చుకున్నాడు. ఆ సున్నం ఎక్కడిదో అడుగు."

మా అత్త నమలడం ఆపి కొడుకు వైపు చూసింది. ఆయన ఆమె ఒళ్లోని ఆకుల డబ్బా వైపు చూశాడు.

సాయంత్రానికి నా గ్లాసు అలమారలోకి వచ్చింది. ఆకుల డబ్బా పంపు గట్టెక్కింది.