మంద వెనక నడిచినవాడు

మహబూబ్‌నగర్‌లో నేను కిరాయికి ఉండే ఇంటి పై వాటాలో ఒక అమ్మాయి ఉంది. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోలేక, మనిషి స్వభావాన్ని బట్టి ఏ చదువు పనికొస్తుందో చెప్పే ప్రశ్నలేవో ఫోనులో పెట్టుకుని వారం రోజులుగా తిరుగుతోంది. "పొద్దుగాల చేస్తే డాక్టరన్నది, మాపటికి వకీలన్నది తాతా. నిన్న ఆకలిమీద చేస్తే హోటల్ పెట్టుకొమ్మన్నది" అని తనే నవ్వింది. ఇంట్లో అందరినీ అడగడం అయిపోయాక నా వంతు వచ్చింది. ఎనభై దాటినవాడికి ఇంకే గ్రూపు అని నేను అనలేదు. నా గడప తొక్కేవాళ్లే తక్కువ, వచ్చినవాళ్లను ఏదో ఒక వంకతో కాసేపు కూర్చోబెట్టుకోవడం అలవాటైంది. కొత్తవాళ్లతో ముందుగా మీరే మాట కలుపుతారా, పని మొదలుపెట్టడం ఇష్టమా ముగించడం ఇష్టమా అని అడుగుతూ పోయింది. "పదిమంది నడుస్తుంటే ముందుంటరా, వెనకుంటరా?" అన్న దగ్గర నేను ఆగిపోయాను. "ఆలోచించొద్దు తాతా, టక్కున చెప్పాలె" అంది. "ముందు" అన్నాను. అది నిజమే. చివరికి ఫోను చూసి, "నువ్వు నలుగురిని నడిపించే రకమంట!" అని చప్పట్లు కొట్టింది. ఇంతలో పైనుంచి వాళ్లమ్మ పిలిస్తే మెట్లెక్కి వెళ్లిపోయింది. ఇల్లు మళ్లీ ఎప్పటిలా అయింది. ఆ ప్రశ్న మాత్రం కదలకుండా నా ఎదుట కూర్చుంది.

మాది కోస్గి దగ్గర ఒక ఊరు, గొర్లు కాసుకునే ఇల్లు. వానాకాలమంతా ఊరి చుట్టూ గుట్టల్లో మేపి, చలి తగ్గి గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని దక్షిణానికి, తుంగభద్ర ఒడ్డుకు వెళ్లేవాళ్లం. కొన్నేళ్లు ఆలంపూర్ దాకా కూడా పోయాం. దారిలో రైతులు తమ చేలల్లో మందను ఆపించుకునేవారు. చేనుకు ఎరువు, మాకు జొన్నలు. ఇంతదూరం మందను నడపడానికి ఇద్దరు కావాలి. ఒకడు ముందు నడవాలి, ఒకడు వెనక. ముందు నడిచేవాడికి గొంతు ఉండాలి, దారి తెలియాలి, అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి తిరిగి చూడకూడదు. గొర్రె వాడి వీపును చూసి నడుస్తుంది. వాడు తిరిగాడంటే ముందువరుస ఆగుతుంది, దానితో మందంతా ఆగి ఒకదానిమీద ఒకటి పడుతుంది. వెనక నడిచేవాడి పని వేరు. కుంటివి, ఈనబోయేవి, దారిలో పుట్టినవి, కంచెల్లో ఇరుక్కున్నవి, అన్నీ వాడివే. వాడు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. వాడి గొంగడిలో ఎప్పుడూ ఏదో ఒక పిల్ల మూలుగుతూ ఉంటుంది.

ఎవరు ముందు, ఎవరు వెనక అనేది మా బాపు ఎన్నడూ చెప్పేవాడు కాదు. ఆరేడేళ్లు రాగానే పిల్లవాణ్ణి మందలోకి వదిలిపెట్టి, తను బీడీ ముట్టించుకుని చూస్తూ ఉండేవాడు. రెండు మూడు నెలల్లో పిల్లవాడు తనంతట తానే ఒక కొసకు చేరతాడు. ఇక ఆ కొస వాడిది. నేను మొదటిరోజే ముందుకు ఉరికానట. ఉరికి, అరుచుకుంటూ, వెనక్కి చూడకూడదన్న నియమాన్ని మహా నిష్ఠగా పాటిస్తూ, మందనంతా తిన్నగా ఒక పటేలు కందిచేలోకి నడిపించానట. ఆ పటేలు బాపును నానా మాటలూ అంటుంటే, బాపు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడని మా అవ్వ, అంటే మా అమ్మ, చచ్చేదాకా చెప్పింది.

తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. వాడు వెనక్కి చేరాడు. అందరం విడిది చేరి, జొన్నగట్క ఉడికి చల్లారిన తర్వాత గాని వాడు వచ్చేవాడు కాదు. అవ్వ తిడుతూ ఎదురెళ్లేది. "ఏందిరా చిన్నోడా, నువ్వు గొర్లను తోల్కొస్తున్నవా, గొర్లే నిన్ను తోల్కొస్తున్నయా?" వాడు గొంగడి విప్పి పిల్లను పొయ్యి పక్కన పడుకోబెట్టేవాడు. ఒకసారి ఒక గొర్రెకు గిట్టల మధ్య పుండు పడి పురుగు పట్టింది. పెద్దవాళ్లు ఆశ వదిలేశారు. వాడు రోజూ సీతాఫలం ఆకులు నమిలి, చేదుకు మొహం వికారంగా పెట్టి, ఆ పసరు పుండులో పిండి, పురుగులు ఒక్కొక్కటీ బయటికి వచ్చేదాకా కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. అలా ఎంతసేపు కూర్చునేవాడో! నాకు చూస్తేనే విసుగు పుట్టేది. "వాణ్ణి వెనక ఎందుకు పెట్టినవ్ బాపూ?" అని అడిగాను ఒకసారి. వెనక నడవడం అంటే తక్కువ అనుకునేవాణ్ణి. "నేను పెట్టలేదురా. వాడే నిలవడ్డడు" అన్నాడు బాపు.

మా ఇంట్లో మొదట చదువుకున్నవాణ్ణి నేను. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించి, రెండూ సగం సగం వచ్చేలా తయారయ్యాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, నల్లగొండ వైపు పెద్ద కట్ట కడుతున్నారని, కాలువలు తవ్వుతారని, ఇంజనీర్లు జీపుల్లో తిరుగుతున్నారని చెప్పుకునే రోజులవి. నాకు ఆ జీపు కలలోకి వచ్చేది. హైదరాబాద్ వెళ్లి లెక్కల్లో తప్పి, మళ్లీ రాసి మళ్లీ తప్పి, ఇరవై ఏళ్లకు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాను. ఊళ్లో అది గొప్పే. గ్రామసేవకుడు నాకు కుర్చీ వేసేవాడు. ఇంట్లో ఏ కాగితం వచ్చినా బాపు నా చేతికే ఇచ్చేవాడు. నేను చదివి చెప్పిందే అందులో ఉన్నట్టు. జీపు మాత్రం నా మనసులోంచి పోలేదు.

తమ్ముడు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి గ్రూపు ఎంచుకోవాలన్న కొత్త పద్ధతి వచ్చింది. లెక్కలో, జీవశాస్త్రమో, ఇంకేదో ఇంటిపెద్ద సంతకంతో రాసివ్వాలి. వాడు నా దగ్గరికి వచ్చి నిలబడి, "అన్నా, జీవాల గురించి చదివే చదువు ఏదన్న ఉంటదా?" అన్నాడు. "గొర్ల కాడ కూసునేదానికి బడెందుకురా, ఇంట్లనే ఉన్నయి గద" అని నవ్వాను. ఇంట్లో ఇంకా ఎవరెవరో నవ్వారు. వాడూ నవ్వాడు.

తర్వాతి వారం వాడి చేతికి ఒక చీటీ ఇచ్చి పంపాడు సైన్సు సారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు, మా మాటలకు నోరు తెరిచేవాడు గానీ పిల్లలను గమనించే మనిషి. రెండు మడతలు పెట్టిన కాగితం, అంతే, అతికించలేదు. అందులో ఇలా ఉంది: "అయ్యా, మీ అబ్బాయికి జీవశాస్త్రం ఇప్పించండి. ప్రాణమున్నదాని దగ్గర వీడు పూటంతా కూర్చోగలడు. అంకెల దగ్గర పావుగంట కూర్చోలేడు. పశువుల వైద్యానికి ఇలాంటివాళ్లే కావాలి."

నేను చదివాను. బాపు అప్పుడు వాకిట్లో ఉన్ని కత్తిరిస్తున్నాడు. పొట్టేలును మోకాళ్ల మధ్య పట్టుకుని, తల ఎత్తకుండానే, "ఏం రాసిండురా సారు?" అన్నాడు. తమ్ముడు పొట్టేలు కొమ్ములు పట్టుకుని నిలబడ్డాడు.

"బడికి రోజూ పంపమన్నడు" అన్నాను.

"రోజూ పోతనే ఉండు గద! గిదానికి కాయిదం గూడనా? సార్లకు పనిలేదుర" అని బాపు కత్తెర ఆడించాడు.

తమ్ముడు కొమ్ములు వదల్లేదు. నా వైపు చూశాడో లేదో నేను చూడలేదు. చీటీని నా పెట్టెలో చొక్కాల కింద పెట్టాను. దరఖాస్తులో లెక్కలు అని రాశాను. బాపు వేలిముద్ర ఎక్కడ వేయాలో నేనే వేలు పట్టుకుని చూపించాను. వాడి బాగు కోసమే చేస్తున్నానని అప్పుడు నమ్మానని రాస్తే బాగుంటుంది. అంతగా నమ్మి ఉంటే ఆ చీటీ బాపుకు చదివి వినిపించి, కాదు ఇదే మంచిదని వాదించేవాణ్ణి. నాకు రాని లెక్కలు వాడికి రావాలి, నేను ఎక్కని జీపు వాడు ఎక్కాలి, నేను పక్కన కూర్చోవాలి. నా కోరిక అదీ.

వాడికి లెక్కలు రాలేదు. నేనే చెప్పబోయాను. వచ్చీరాని లెక్కలు చెప్పే మాస్టారుకు కోపం ఎక్కువ. పలకా బలపం వయసు దాటినవాడి చెవి మెలిపెట్టాను. ఒక ఏడాది తప్పాడు. రెండో ఏడాది పరీక్షకు వెళ్తున్నానని చెప్పి, పుస్తకాలు గూట్లో వరుసగా సర్ది, గొంగడి తీసుకోకుండా వెళ్లిపోయాడు. నాలుగు నెలలకు మిర్యాలగూడ అవతల కాలువ పనుల్లో ఉన్నాడని కబురొచ్చింది, నేల కొలిచే సర్వే గొలుసు పట్టే పనిలో.

ఆ ఎండాకాలం బాపు ఒక్కడే మందను తోలుకుని వెళ్లాడు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి ఊరి పొలిమేర దాకా సాగనంపాను. బాపు పది అడుగులు వేసి వెనక్కి చూశాడు. మంద ఆగింది. మళ్లీ కేకవేసి నడిచాడు. మళ్లీ చూశాడు. జీవితమంతా వెనక్కి చూడకుండా నడిచిన మనిషి, ఆ చింతలతోపు దాటేలోపు ఎన్నిసార్లు తిరిగాడో. వెనక ఎవరూ లేరు. నేనున్నాను గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాను. ఆ ఏడు ఈనిన పిల్లల్లో సగం దారిలోనే పోయాయి. మరుసటి ఏడు బాపు మందను అమ్మేశాడు. అమ్మినరోజు అన్నం తిన్నాడు, బీడీ కాల్చాడు, ఎవరినీ ఏమీ అనలేదు.

బాపు పోయినప్పుడు తమ్ముడు వచ్చాడు. పదిరోజులూ ఉన్నాడు, పనులన్నీ చేశాడు, నాతో అవసరమైనంత మాట్లాడి వెళ్లిపోయాడు. అప్పుడే చెప్పాలనుకున్నాను. చెప్పలేక, మూడు నెలల తర్వాత ఆ చీటీ జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

కాలువ గట్టు మీద రేకుల షెడ్లు, గోనెపట్టాల గుడిసెలు. తవ్వేవాళ్లంతా మా పాలమూరు వాళ్లే. అడుగుదామని ఒక షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి ఒక ముసలామె మేకను చంకనెత్తుకుని నాకంటే ముందు వచ్చి, "డాక్టర్ సాబ్ యాడున్నడు?" అంది. ఇక్కడ డాక్టరు కూడా ఉన్నాడు కాబోలు అనుకున్నాను. చూస్తే షెడ్డు నీడలో తమ్ముడు. ఒక ఎద్దు కాలు ఒళ్లో పెట్టుకుని, బుగ్గ నిండా ఆకు నములుతూ. అదే వికారపు మొహం. నేను అక్కడే నిలబడిపోయాను. ముసలామె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వేమైతవు ఆయనకు?"

"అన్నను."

"అయితే నీకు గూడ ఈ ఇద్దె వస్తదా?"

"రాదు."

"మరి నువ్వేం నేర్చినవ్ బిడ్డా?" అని, జవాబు కోసం ఆగకుండా మేకను దించింది.

ఎద్దు పని, మేక పని అయ్యాక తమ్ముడు చేతులు కడుక్కుని నాకు మంచినీళ్లు ఇచ్చాడు. "ఎండన బడి వచ్చినవ్ అన్నా, జర కూసో" అన్నాడు. నేను చీటీ తీసి ఇచ్చాను. వాడు లుంగీకి చేతులు తుడుచుకుని, మడతలు విప్పి, చివరిదాకా నెమ్మదిగా చదివాడు.

"సారు చేతిరాత చానా మంచిగుంటుండె" అన్నాడు.

"గా దినం నేను బాపుతోని..."

"ఎరికేనే. సారు నా చేతికే ఇచ్చిండు గద. చదవకుంటనే తెచ్చిన్ననుకున్నవా? దారిల నాలుగుసార్లు చదివిన."

వాడు ఆ పొట్టేలు కొమ్ములు పట్టుకుని, అంతా తెలిసే నిలబడ్డాడన్నమాట. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే బాపు ముంగట నువ్వు అబద్ధాలోడివైతుంటివి." వాడు కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచాడు. "ఇంట్ల ముందు నడిచేటోడివి నువ్వే అయితివి. ముందటోణ్ణి ఎనుకకు తిప్పితే ఏమైతది, మంద ఆగుతది గదనే."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఓర్చుకునేవాణ్ణి. తప్పయిందిరా అన్న ఒక్క మాట గొంతులో ఉంది. అంతలో ఎవరో పిలిచారు, గొలుసు లాగే వేళయింది. ఇద్దరు మనుషులు గొలుసు పట్టారు. ముందువాడు జెండా పట్టుకుని నడిచాడు. తమ్ముడు వెనక కొస పట్టుకుని మేకు దగ్గర వంగి కూర్చుని, ముందువాడు పక్కకు పోయినప్పుడల్లా చెయ్యి ఊపి వరుసలో పెడుతున్నాడు. వెళ్లేముందు చీటీ నా చేతికే తిరిగిచ్చాడు, "నీ కాడనే ఉండనీ" అని. నేను సాయంత్రం బస్సుకు వచ్చేశాను. ఆ తర్వాత ఉత్తరాలు రాశాను, పెళ్లికి పిలిచాను, పిల్లలకు పేర్లు పెట్టినప్పుడు పిలిచాను. వచ్చిన ప్రతిసారీ వాడు అందరికంటే చివర వచ్చి, అందరికంటే ముందు వెళ్లిపోయాడు. ఆ కాలువ గట్టు మీదే ముసలివాడై, అక్కడే పోయాడు. ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది.

ఇవాళ పొద్దున ఆ అమ్మాయి మళ్లీ దిగివచ్చింది. "ఫోను మీద నమ్మకం పోయింది తాతా. నువ్వే చెప్పు, ఏం తీసుకోను?" అంది. నాలుక మీదికి జవాబు వచ్చేసింది. ముందు నడిచేవాడి నాలుక, అంత తొందరగా మారదు. మింగేసి, "దేని కాడ కూసుంటే నీకు పొద్దు తెల్వదు బిడ్డా?" అని అడిగాను. అది నా ప్రశ్న కాదు, ఆ సైన్సు సారుది. ఆమె ఫోను పక్కన పెట్టి ఆలోచించడం మొదలుపెట్టింది. టక్కున చెప్పమని నేను అనలేదు.

ఆమె వెళ్లాక పెట్టె తెరిచి చీటీ చూసుకున్నాను. మడతల దగ్గర చిరిగింది, సిరా గోధుమరంగుకు తిరిగింది. ముందు నడిచేవాడు వెనక్కి చూస్తే మంద ఆగుతుందనేవాడు బాపు. ఇన్నేళ్లుగా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను, రోజులు మాత్రం ఒక్కటీ ఆగకుండా నా పక్కనుంచి దాటిపోతున్నాయి.