కంబళి కింద వాల్వు

హోసూరులో మా మనవడి గదిలోంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తే ఏదో తగలబడుతోందని కోడలు పరుగెత్తింది గాని, నేను మంచం దిగలేదు. గాజు బుడ్డి లోపల తీగ కాగి, పైన పట్టిన దుమ్ము వేగితే వచ్చే వాసన అది, నాకు తెలియనిదా? మనవడూ వాడి ఆఫీసు స్నేహితులూ గిటారు ఆంప్లిఫయరులో పాత ట్యూబులు పీకి కొత్తవి పెట్టి, మీటరు చూసుకుంటూ చిన్న స్క్రూ తిప్పి 'బయాస్' సెట్ చేస్తున్నారట. తెరిచిన తలుపులోంచి చూస్తే, పని ముగించి ఒకడు గిటారు తీగ మీటి, దేవుడు కనబడినట్టు కళ్ళు మూసుకున్నాడు. “సౌండు ఎంత వెచ్చగా ఉండాది మచ్చా!” అన్నాడు పక్కనున్న స్నేహితుడితో. వెచ్చదనం గురించి నా ముందర!

వీళ్ళ ట్యూబునే మా నాయన వాల్వు అనేవాడు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, కర్ర పట్టడం నామోషీ అనిపించి, ఎక్కడో పాత మైక్ సెట్టు సంపాదించి పెద్దమనిషి అయినాడు. మామిడికాయలు దిగే ఎండల్లో మత్తూరు నుంచి కల్లావి దాకా ఏ జాతరకైనా మా సెట్టే. కారం బొరుగుల ఘాటు, కాగే బెల్లం పాకం, గాజుల అంగళ్ళ గలగల, పొట్టేళ్ళ మెడల్లో గంటలు, వేపమండల పచ్చివాసన, వీటన్నిటి మధ్య నా ఈడు పిల్లలు బిళ్ళాట ఆడుతుంటే, నేను మాత్రం గొర్రెబొచ్చు కంబళి కింద, కాలుతున్న సెట్టు ఎదుట, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. చెయ్యి తగిలితే ప్రాణం పోతుందని చెప్పి మరీ కూర్చోబెట్టేవాడు, మహానుభావుడు.

పని ఇదీ. కొత్త వాల్వు పెట్టినప్పుడల్లా దానికి పోయే కరెంటును స్క్రూ తిప్పి సర్దాలి. ఎక్కువైతే లోపలి బూడిదరంగు రేకు ఎర్రబడి వాల్వు చస్తుంది, తక్కువైతే పాట గీరుకుపోతుంది. ఎండలో ఆ ఎరుపు కనబడదు. అందుకే కంబళి కప్పి లోపల నన్ను పెట్టి, బయట నుంచి తిప్పేవాడు.

“ఏం మే, ఎర్రబడిందా?”

“పడింది నాయనా.”

“ఇప్పుడు?”

“పోయింది.”

చెమట కళ్ళలోకి కారేది, కంబళి గొర్రెకంపు కొట్టేది. మా అమ్మ రాగిసంగటి మూట విప్పుతూ, “గొర్రెనైనా నీడన కట్టేస్తామే, బిడ్డని ఈడ మూసిపెట్టేది ఏం బుద్ధప్పా నీది!” అని తిట్టేది. నాయన వినేవాడు కాదు. చుట్టూ చేరిన జనం “మీటరూ గీటరూ లేకుండా సర్దేస్తాడప్పా!” అని నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు, దాంతో ఆయన తలపాగా ఇంకో మెట్టు పైకి లేచేది. కంబళి కింద ఎవరున్నారని ఒక్క మొగోడు అడిగిన పాపాన పోలేదు.

మీటరు లేక కాదు. సెట్టుతోపాటే వచ్చింది. ఆయనకు అంకెలు రావు, అంతే. ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టి, దండం పెట్టి, మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టేవాడు.

మా ఊరి తెలుగు బడి అయ్యవారు ఒక జాతరలో ఇదంతా, పెట్టెలో ఊరికే పడున్న మీటరునూ చూసి, నేరుగా మా నాయన దగ్గరికి వచ్చినాడు. నేను కంబళి అంచు ఎత్తి విన్నాను. పలక పట్టుకుని బడికి పోయే పిల్లల వెనకాల మలుపు దాకా నడిచి తిరిగొచ్చే పిల్లను నేను.

“పాపను ఒక్క ఏడు బడికి పంపప్పా. అంకెలు నేర్చుకుంటే మీటరు ముల్లు యాడ నిలిచిందో అదే చదివి చెప్తాది. నీకూ లాభమే.”

“ముల్లు చెప్తే నేను వినాల్నా అయ్యవారూ? నా బిడ్డ కన్ను ఉండాది, చాలు. చదివితే కన్ను చెడిపోతాది.”

పక్కనున్నవాళ్ళు ఫక్కున నవ్వినారు. అయ్యవారు తలవంచుకుని పోయినాడు. నా మీద మళ్ళీ కంబళి కప్పినారు.

తరువాత ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చినాయి. వాటిలో వాల్వు లేదు, ఎర్రబడే రేకు లేదు, చూసే కన్నుతో పని లేదు. పాత సెట్టును గుజిరీకి, తుక్కు కొనే అంగడికి వేసిన రోజు, ఇప్పుడైనా బడికి పోతానని నేనే నోరు తెరిచి అడిగినాను. అప్పటికి వోణీ వేసుకునేదాన్ని. నాయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, “ఒకటో తరగతిలో నీకు చాలినంత బెంచీ యాడుంది మే? గొర్రెలకు పో” అన్నాడు. పోయినాను. నా పిల్లలు పెద్దవాళ్ళయినాక, తల నెరిసినాక, ముసలివాళ్ళ తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దినాను. అంకెలు వారంలో వచ్చేసినాయి. ఇంత చిన్న పనికా ఆ కంబళి?

ఇప్పుడు ఆ మైక్ సెట్లు లేవు, ఆ గరాటా స్పీకర్లు లేవు, ఆ జాతర్లు ఉన్నా ఇప్పటి గోల వేరు. పోనీ, నాకేం దిగులు లేదు. కానీ మా మనవడికి ఉంది. కథంతా విని కూడా, “అవ్వా, అసలు సౌండంటే అదీ. ఆ కాలం మళ్ళీ వస్తే ఎంత బాగుంటాదో!” అని నిట్టూర్చినాడు.

“రానీరా,” అన్నాను, “ఈసారి రంగు నువ్వు చూసుకో. నేను బడికి పోతా.”